ఒకే ఒళ్ళు, రెండు షిఫ్టులు

మా అక్క కొడుకు పోలీసు కానిస్టేబులు ఉద్యోగం కోసం ప్రయత్నం చేస్తున్నాడు. రాత పరీక్ష గట్టెక్కాడు. మిగిలింది దేహదారుఢ్య పరీక్ష. మన కర్ణాటకలో మగపిల్లలు 1600 మీటర్లు 6 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి. లాంగ్ జంప్ అయినా హై జంప్ అయినా చెయ్యాలి. 7.26 కిలోల ఇనుప గుండును కనీసం 5.60 మీటర్ల దూరం విసరాలి. అంటే పరుగుకు దమ్ము కావాలి, గుండుకు బలం కావాలి. రెండూ ఒకే మనిషిలో ఒకే రోజున కనపడాలి. వయసు లెక్క ప్రకారం వాడికి ఇదే ఆఖరి అవకాశం. వాళ్ళ నాయన లేడు. అక్క గార్మెంట్స్‌లో కుట్టు మిషన్ మీద సంపాదించేదీ, వాడు తెచ్చేదీ కలిపితేనే ఇల్లు గడుస్తుంది. కాబట్టి ఈ పరీక్ష మా ఇంట్లో అందరి పరీక్షా అయి కూర్చుంది.

మేముండేది బళేపేటలో. కన్నడంలో బళే అంటే గాజు. పేరుకు తగ్గట్టే గాజుల అంగళ్ళు, వాటి పక్కన హార్మోనియం, తబలా అమ్మే అంగళ్ళు, పెళ్ళి చీరల అంగళ్ళు. వీధులు ఇరుకు, మెట్లు నిటారు. ఆ మెట్ల మీదే మావాడి బతుకుతెరువు. 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు భుజాన వేసుకుని అంగళ్ళకూ ఇళ్ళకూ వేస్తాడు. పొద్దున ఏడింటి నుంచి పన్నెండు దాకా నలభై క్యాన్లు. ఒక్కోటి 20 కిలోలు, అంటే రోజుకు 800 కిలోలు ఎక్కించి దించుతున్నాడన్నమాట.

రాత పరీక్ష ఫలితం వచ్చిన రోజు నుంచి వాడు దీక్ష పట్టాడు. తెల్లవారి ఐదింటికి లేచి ఎనిమిది కిలోమీటర్ల పరుగు. తర్వాత క్యాన్లు. సాయంత్రం జిమ్ముకు పోయి బరువులు. వారానికి ఆరు రోజులు ఇదే వరస. నెలన్నర గడిచింది. పరుగు 6 నిమిషాల 50 సెకన్ల దగ్గర ఆగిపోయింది. గుండు మొదట్లో 5.40 పడేది, తర్వాత 5.10కి దిగింది. నిద్ర పట్టడంలేదు, పిక్కలు ఎప్పుడూ బరువుగానే ఉన్నాయి. ఒకరోజు మెట్ల మీద కూలబడి, "మామా, బలం పెంచుకుందామంటే దమ్ము పోతాంది, దమ్ము పెంచుకుందామంటే బలం పోతాంది. రెండూ ఒక ఒంట్లో ఇమడవేమో" అన్నాడు.

ఈ మాట మన ఇళ్ళల్లో చాలామంది పిల్లల నోట వినపడుతోంది. పోలీసు, సైన్యం, రైల్వే రక్షక దళం, వేటికి పోయినా పరుగూ బలమూ రెండూ అడుగుతారు. అందుకే మావాడి సంగతి మన పత్రికలో రాస్తే పదిమందికి పనికొస్తుందనిపించింది.

ముందు మా నాయన సంగతి చెప్పాలి. ఆయనకిప్పుడు 80 దాటాయి. మిల్లులో రింగు ఫ్రేముల దగ్గర ముప్పై ఏళ్ళ పైన పనిచేశాడు. వయసులో ఉన్నప్పుడు పేటలోని గరిడికి పోయేవాడు. బెంగుళూరు పాతపేటల్లో గరిడిమనెలు ఎన్నో ఉండేవి, ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. ఎర్రమట్టి గోదా, గోడకు ఆంజనేయస్వామి పటం, మూలన గదలు. మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, మగ్గం పనివాళ్ళు, కూరగాయల తోటల వాళ్ళు అక్కడ కలిసేవాళ్ళు. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయల్దేరడం మీరంతా చూసే ఉంటారు. కరగ ఎత్తినాయన దాన్ని చేత్తో పట్టుకోకుండా తలమీద నిలుపుకుని, రాత్రంతా పేట వీధులన్నీ తిరిగి, కాటన్‌పేట మస్తాన్ సాబు దర్గాకు పోయి, తెల్లారేసరికి గుడికి తిరిగొస్తాడు. చుట్టూ వీరకుమారులు కత్తులు దూసుకుని నడుస్తారు. మెడలో, నడుములో బలం లేకపోతే కరగ నిలవదు. కాళ్ళల్లో దమ్ము లేకపోతే తెల్లవారదు. రెండూ ఒక ఒంట్లో ఇమడవని మావాడు అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ రాత్రే.

నాయన మంచం మీద పడుకునే మనవడి గోడు విన్నాడు. విని, "నువ్వు రెండు షిఫ్టులు కాదురా, మూడు షిఫ్టులు చేస్తాండావు" అన్నాడు. తర్వాత గరిడి కట్టుబాటు చెప్పాడు. పొద్దున మట్టిలో కుస్తీ. దండీలు, బస్కీలు, గద తిప్పడం సాయంత్రం. రెండింటి మధ్యలో తిండి, నిద్ర. నైట్ షిఫ్టు వారంలో మిల్లువాళ్ళను ఉస్తాదు గోదాలోకి దిగనిచ్చేవాడు కాదట. వచ్చినవాళ్ళను ఒళ్ళు పట్టించి పంపేసేవాడట. "ఒక మనిషి చేత వరసగా రెండు షిఫ్టులు చేయిస్తే రెండో షిఫ్టులో పోగులు ఎక్కువ తెగుతాయి. ఒళ్ళు కూడా అంతే" అన్నాడు నాయన.

నాకు ఆ మాట నచ్చింది గానీ, మావాడి ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉంది కాబట్టి ఇంకొంచెం తెలుసుకోవాలనిపించింది. మా అంగడికి వచ్చే ఒక వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి అడిగాను. ఆయన ఇచ్చిన కాగితాలు చదివాను. నాయన చెప్పిన దానికీ వాటిలో ఉన్నదానికీ పెద్ద తేడా లేదు.

ఈ విషయం మీద పేరున్న పరిశోధన 1980లో అచ్చయింది. చేసినవాడు అమెరికాలో రాబర్ట్ హిక్సన్ అనే ఆయన. ఆయన స్వయంగా బరువులు ఎత్తే మనిషి. ఓర్పు వ్యాయామం మీద పరిశోధించే గురువుగారితో కలిసి రోజూ పరుగెత్తడం మొదలుపెడితే తన కండ, బలం తగ్గడం గమనించాడు. తర్వాత దాన్నే పరీక్షకు పెట్టాడు. పది వారాలు ఒక గుంపు బరువులు మాత్రమే, ఇంకో గుంపు పరుగు, సైకిలు మాత్రమే, మూడో గుంపు రెండూ. బరువులు వారానికి ఐదు రోజులు, దమ్ము వ్యాయామం ఆరు రోజులు. మూడో గుంపువాళ్ళకు ఆరేడు వారాల దాకా బలం బాగానే పెరిగింది. ఆ తర్వాత ఆగింది. ఆఖరి రెండు వారాల్లో తగ్గింది. దమ్ము మాత్రం పరుగు గుంపుతో సమానంగానే పెరిగింది. మావాడి కథ అచ్చం ఇదే. పైగా వాడికి క్యాన్లు కూడా ఉన్నాయి.

దీనికి కారణం కండరంలోనే ఉంది. బరువులు ఎత్తినప్పుడు కండరం మాంసకృత్తులు పేర్చుకుని మందం కట్టే పనిలో పడుతుంది. చాలాసేపు పరుగెత్తితే సన్నని రక్తనాళాలు, శక్తిని పుట్టించే కణాంగాలు పెంచుకునే పనిలో పడుతుంది. రెండూ మంచి పనులే. కానీ ఒళ్ళు బాగా అలిసి, తిండి చాలనప్పుడు శక్తిని పొదుపు చెయ్యమనే కబురు పైచేయి అవుతుంది, కట్టుబడి పని వెనకపడుతుంది. దానికి తోడు అలిసిన కాళ్ళతో బరువు ఎత్తితే ఎత్తాల్సినంత ఎత్తలేం. అది ఇంకో నష్టం.

అయితే హిక్సన్ మనుషులు వారానికి పదకొండు సార్లు గట్టిగా ఒళ్ళు వంచారని మరిచిపోకూడదు. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, మోతాదు మితంగా ఉంటే బలమూ కండా మామూలుగానే పెరుగుతాయని తేలింది. గెంతడం, విసరడం వంటి ఒక్క ఊపు బలానికి మాత్రం కొంచెం దెబ్బ తగులుతుంది. రెండూ ఒకే పూట వెంటవెంటనే చేస్తే ఆ దెబ్బ ఎక్కువ. ఇంకో మంచి మాట ఉంది. పరుగెత్తేవాళ్ళు బరువులు ఎత్తితే పరుగు చెడదు. అదే వేగానికి తక్కువ శక్తి ఖర్చవుతుంది.

ఒక కొసకు పోతే మాత్రం ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆమెను మారథాన్ పరుగెత్తమని ఎవరూ అడగలేదు. మన పిల్లలకు కావాల్సింది ఆ కొస కాదు, ఈ కొసా కాదు. కబడ్డీ ఆటగాడికి ఉండేటంత ఉంటే చాలు. ఒక్క పట్టుకు బలం, నలభై నిమిషాల ఆటకు దమ్ము.

ఇక్కడ నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒకటుంది. జిమ్ముల్లో ఇచ్చే పట్టికలు కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన పిల్లలు పని చేసి వచ్చి ఆ పట్టిక మొదలుపెడతారు. క్యాన్లు మోసే పని, మార్కెట్టులో మూటలు ఎత్తే పని, రోజంతా నిలబడే పని లెక్కలోకే రావడంలేదు. "అది పని గదా మామా, ఎక్సర్‌సైజు కాదు గదా" అంటాడు మావాడు. కాళ్ళకు ఆ తేడా తెలియదు. నలభై క్యాన్లు మెట్లెక్కించిన కాళ్ళు ఆ పూట వ్యాయామం చేసేసినట్టే.

అలాగని పని చాలు, వ్యాయామం అక్కర్లేదనడం కూడా సరికాదు. పోయిన సంవత్సరం క్యాను 20 కిలోలే, ఈ సంవత్సరమూ 20 కిలోలే. ఒళ్ళు ఒక బరువుకు అలవాటు పడ్డాక ఆ బరువు బలం పెంచదు, ఉన్నదాన్ని నిలుపుతుంది, కీళ్ళను అరగదీస్తుంది. బలం పెరగాలంటే బరువు కొద్దికొద్దిగా పెరగాలి, మధ్యలో విశ్రాంతి ఉండాలి. పని ఈ రెండూ ఇవ్వదు. ఎనిమిది గంటలు ఫ్రేముల మధ్య నడిచిన మా నాయన మళ్ళీ గరిడికి ఎందుకు పోయేవాడో నాకు ఇప్పుడు తెలిసింది. మిల్లు ఆయన బలాన్ని వాడుకునేది. గరిడి పెంచేది.

మేము ముగ్గురం కూర్చుని వారానికి ఒక పట్టిక రాశాం. ఉపాధ్యాయుడు చూసి రెండు దిద్దుబాట్లు చేశాడు. అది ఇదీ.

సోమవారం పొద్దున ఐదు కిలోమీటర్లు నింపాదిగా పరుగు. నింపాది అంటే పక్కనున్నవాడితో మాట్లాడుతూ పోగలగాలి. మంగళవారం పరుగు లేదు. సాయంత్రం ఆరింటికి బరువులు. బుధవారం వేగం పరుగు. 1600 మీటర్లు 6:30లో అంటే ఒక్కో 400 మీటర్లకు తొంభై ఏడున్నర సెకన్లు. కాబట్టి 400 మీటర్లు 95 సెకన్లలో, మధ్యలో రెండు మూడు నిమిషాల నడక, అలా ఆరుసార్లు. గురువారం క్యాన్లే వ్యాయామం. సాయంత్రం పావుగంట గుండు విసిరే పద్ధతి నేర్చుకోవడం, అంతే. శుక్రవారం మళ్ళీ సాయంత్రం బరువులు. శనివారం ఏడు కిలోమీటర్లు నింపాదిగా. ఆదివారం పూర్తి సెలవు. అంటే మూడు పరుగులు, రెండు బరువుల పూటలు.

బరువుల పూట ముప్పావు గంట దాటకూడదు. మొదట నాలుగైదు గెంతులు, ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడే. తర్వాత భుజాన బార్ పెట్టుకుని బస్కీలు, నేలమీది బరువు ఎత్తడం, తలపైకి బరువు నెట్టడం. ఒక్కోటి ఐదేసి సార్లు, నాలుగు విడతలు, మధ్యలో రెండు మూడు నిమిషాల ఆగుదల. విడత అయ్యాక ఇంకా రెండుసార్లు ఎత్తగలను అన్నట్టుండాలి. పూర్తిగా అలిసిపోయేదాకా లాగకూడదు. వారం వారం రెండున్నర కిలోలు పెంచాలి, పెరగకపోతే ఆ వారం ఊరుకోవాలి. క్యాన్ల పనికీ బరువులకూ మధ్య ఆరు గంటలు ఉండేటట్టు చూశాం. ఎప్పుడైనా రెండూ ఒకే పూట చెయ్యాల్సి వస్తే బలం ముందు, దమ్ము తర్వాత. ఎందుకంటే అలిసిన కాళ్ళతో నింపాదిగా పరుగెత్తవచ్చు గానీ, అలిసిన నడుముతో బరువు ఎత్తడం ప్రమాదం.

తిండి సంగతి. డబ్బాల్లో అమ్మే పొడి కొనమని జిమ్ములో చెప్పారట. అక్క భయపడింది. బరువులు, పరుగు రెండూ చేసేవాళ్ళకు ఒంటి బరువులో కిలోకు 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలు. మావాడు 66 కిలోలు, అంటే 105 గ్రాముల పైచిలుకు. అక్క లెక్క వేసింది. మూడు గుడ్లకు 18 గ్రాములు. అరలీటరు పాలకు 16. గుప్పెడు శెనక్కాయలకు, అంటే 50 గ్రాములకు, 12. యాభై గ్రాముల మీల్‌మేకర్‌కు 25. పప్పు, ఉలవచారు, పెరుగు, సంగటి, అన్నం కలిపితే మిగతాది వస్తుంది. ఆదివారం కోడికూర ఉండనే ఉంది. పొడి డబ్బా రాలేదు. నిద్ర మాత్రం ఏడున్నర గంటలు తగ్గకూడదని నాయన ఫోను లాక్కుని తన తలగడ కింద పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

మొదటి రెండు వారాలు మావాడికి నమ్మకం కుదరలేదు. "పోటీలో ఉన్నోళ్ళంతా రోజూ పరుగెత్తుతాండారు, నేను ఇంట్లో కూర్చోనుండా" అని గురువారం గురువారం గొణుక్కునేవాడు. మూడో వారం నిద్ర పట్టింది. ఐదో వారం గుండు 5.55 పడింది. తొమ్మిదో వారం చివర 1600 మీటర్లు 6 నిమిషాల 19 సెకన్లు, గుండు 5.90. ఇప్పుడు పరీక్షకు పదిరోజులుంది. ఈ పదిరోజులు పరుగూ బరువులూ సగానికి తగ్గించాం. వేగం తగ్గించలేదు, ఎంతసేపు అన్నదే తగ్గించాం. క్యాన్ల పని ఒక స్నేహితుడు చూసుకుంటున్నాడు. ఉద్యోగం వస్తుందో రాదో దేవుడెరుగు. ఒళ్ళు మాత్రం సిద్ధంగా ఉంది.

ఈ గొడవలో లాభపడింది మా అక్క కూడా. మోకాళ్ళ నొప్పులకు డాక్టరు నడవమన్నాడు. రోజూ అరగంట నడుస్తూనే ఉంది, అయినా మెట్లెక్కడం కష్టంగానే ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల నడక వంటిది కావాలి. దానితోపాటు కండరాల బలానికి రెండు రోజులైనా కావాలి. మనవాళ్ళు మొదటిది విన్నారు, రెండోది ఎవరూ చెప్పలేదు. వయసు పెరిగేకొద్దీ కండ తగ్గుతుంది, నడక ఒక్కటే దాన్ని ఆపలేదు. అక్క ఇప్పుడు మంగళవారం, శుక్రవారం కొడుకుతోపాటే మొదలుపెడుతుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, గోడకు దండీలు, మడమలెత్తి నిలబడడం, మూడు విడతలు. ఇప్పుడు ఐదు కిలోల కూరగాయల సంచితో రెండో అంతస్తుకు కటకటా పట్టుకోకుండా ఎక్కుతోంది.

నాయన సంగతి వేరు. దూదిపొట్టులో ఏళ్ళతరబడి పనిచేసినవాళ్ళకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. బిస్సినోసిస్ అంటారు. వారం సెలవు అయ్యాక పనిలోకి దిగిన మొదటి రోజు ఛాతీ పట్టేయడం దాని మొదటి గుర్తు. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఆ సోమవారాలు గుర్తుండే ఉంటాయి. అలాంటివాళ్ళు డాక్టరుకు చూపించుకోకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. డాక్టరు ఒప్పుకుంటే వాళ్ళకూ ఈ రెండూ మేలు చేస్తాయి. ఊపిరితిత్తుల రోగులకు ఇచ్చే వ్యాయామ చికిత్సలో నడక, బలం రెండూ ఉంటాయి. కాళ్ళు గట్టిపడితే అదే నడకకు ఆయాసం తగ్గుతుంది. మా నాయన డాక్టరును అడిగాకే వరండాలో ఆగుతూ ఆగుతూ నడుస్తున్నాడు, కుర్చీలోంచి ఐదుసార్లు లేస్తున్నాడు.

మీ ఇంట్లో ఇలాంటి పరీక్షకు పోయే పిల్లలుంటే మీరు చెయ్యాల్సింది ఒకటే. ఒక కాగితం మీద ఏడు రోజులు రాసి, ముందు వాడి పని రాయండి. ఎన్ని గంటలు నిలబడతాడు, ఎంత మోస్తాడు అన్నది. ఆ తర్వాత మిగిలిన చోట్లలో పరుగు, బరువులు పెట్టండి. ఆదివారం గడి మాత్రం ఖాళీగా వదిలేయండి. దాన్ని నింపుతానని పిల్లవాడు మొండికేస్తే వాణ్ణి మా నాయన దగ్గరికి పంపండి. షిఫ్టుల లెక్క ఆయన బాగా చెబుతాడు.